నేల విడవని మాస్టారు

"అనుమానం వస్తే పొడుగ్గా ఉన్న జవాబుకి టిక్కు పెట్టెయ్యండి," అంటూ మాస్టారు బోర్డు మీద మార్కరుతో గీత గీశారు. "అబద్ధం రెండు ముక్కల్లో తేలిపోతుంది. నిజం రాసేవాడికే భయం, నాలుగు మాటలు ఎక్కువ రాసుకుంటాడు. సరే, తర్వాతది. హెలికాప్టరు తన రెక్కలు కిందికి తోసిన గాలిలోకి తనే దిగి కుంగిపోతూంటే పైలట్ ఏం..."

"సి!" అంది క్లాసంతా.

ప్రశ్న పూర్తికాకముందే అక్షరం వచ్చి పడింది. మాస్టారు మీసాల్లో నవ్వుకున్నారు. హెలికాప్టర్ నడపడానికి వచ్చినవాళ్ళు ముందు కాగితం మీద నెగ్గాలి. వాతావరణం, గాలి లెక్కలు, దారి లెక్కలు, రూల్సు, అన్నిటికీ పరీక్షలే. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి అవే ప్రశ్నలు వస్తాయి కాబట్టి, ఆయన జవాబుల అక్షరాలను పిల్లలకు నూరిపోస్తారు. ఆయన దగ్గర చదివి తప్పినవాడు లేడని స్కూలు గేటు మీద బోర్డు కూడా ఉంది.

మనిషి సన్నగా ఉంటారు. యాభై దాటాయి. చొక్కా జేబు అంచున మార్కరు మరకలు ఎన్ని ఉతుకులకూ పోవు. క్లాసు గది హెలికాప్టర్లు నిలిపే హ్యాంగర్ మీద ఉంది. కింద ఇంజను అందుకోగానే కిటికీ అద్దాలు గడగడలాడతాయి. ఆయన గొంతు పెంచుతారే తప్ప వెనక్కి తిరిగి చూడరు.

ఒకప్పుడు ఆయన కూడా పైలట్ అవుదామనే ఇక్కడికి వచ్చారు. పరీక్షలన్నీ మొదటిసారికే గట్టెక్కారు. తీరా మెషీను నేలకు కాస్త ఎత్తులో కదలకుండా నిలపడం నేర్పే రోజున, స్టిక్కు పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయింది. నేర్పేవాడు ఒక్కో వేలూ ఊడదీయాల్సి వచ్చింది. మర్నాటినుంచి ఆయన పాఠాలు చెప్పడానికి కుదురుకున్నారు. అడిగినవాళ్ళందరికీ "కళ్ళు కుదరలేదండీ" అని చెప్తూ వచ్చారు. భార్యకు మాత్రం అసలు సంగతి తెలుసు. "అందరిదీ నేల విడిచి సాము, మా ఆయనది నేల విడవని సాము" అని నవ్వుతుంది. ఆమె ముద్దుకే అంటుంది గానీ ఆయనకు ఎక్కడో గుచ్చుకుంటుంది.

టీ వేళకు కిందికి దిగేసరికి చీఫ్ మంచి ఊపుమీద ఉన్నాడు. గాల్లో నేర్పేవాళ్ళందరికీ అతనే పెద్ద. మాస్టారికన్నా చాలా చిన్నవాడు.

"ఏం చెప్పమంటారు మాస్టారూ మీ నర్సమ్మ సంగతి! దిగడానికి వస్తున్నాం. స్పీడంతా చంపేసి నిటారుగా దించేస్తోంది. మెషీను కుంగడం మొదలెట్టింది. 'ఏమవుతోంది, ఏం చేస్తావ్?' అన్నా. స్టిక్కు కదపదే! నా మొహంలోకి చూసి, 'సి, సార్!' అంది."

మెకానిక్‌కు టీ పొలమారింది. అందరూ పడీ పడీ నవ్వారు. మాస్టారు ఇంకాస్త గట్టిగా నవ్వి, "చూశారా! నా పాఠం ఆకాశంలో కూడా మర్చిపోలేదు!" అన్నారు.

అన్నాక చూశారు, గుమ్మంలో నర్సమ్మ నిలబడి ఉంది.

ఆమె అంబులెన్సులో నర్సుగా పనిచేసి వచ్చింది. రోడ్డు మీద బళ్ళ మధ్య ఇరుక్కుపోయి, ఒడిలోనే పేషెంటు పోయిన రోజున, గాల్లోంచి తీసుకెళ్ళే బండి నడపాలని మొండిపట్టు పట్టింది. ముప్ఫై దాటాక ఉద్యోగం మానేసి ఇక్కడ చేరింది. నర్సమ్మ అన్న పేరు క్లాసువాళ్ళు పెట్టిందే. ఇప్పుడామె చెవులు ఎర్రబడి ఉన్నాయి. నవ్వినవాళ్ళెవరినీ చూడలేదు, మాస్టారినే చూసింది. తనవైపు ఒక్క మాట మాట్లాడతారేమోనని చూసే చూపు అది. మాస్టారు టీ గ్లాసులోకి తల దించుకున్నారు.

"నవ్వు సంగతి అలా ఉంచండి," అన్నాడు చీఫ్, గొంతు మార్చి. "బట్టీ చదువు కింద మార్కులిస్తుంది, పైన మనుషుల్ని చంపుతుంది. అమ్మాయ్, నిన్ను ఉంచాలో పంపాలో సాయంత్రం చెప్తా."

మధ్యాహ్నం క్లాసులో ఆమె మొదటి వరసలోనే కూర్చుంది. మాస్టారు పుస్తకం తెరవగానే చెయ్యెత్తింది.

"మాస్టారూ, కుంగడం మొదలైందని ఒంటికెలా తెలుస్తుంది? సీట్లో ముందుగా తెలుస్తుందా, చేతిలోనా?"

మాస్టారు పుస్తకంలోకి చూశారు. అందులో బొమ్మ ఉంది, బాణాలు ఉన్నాయి, నాలుగు జవాబులున్నాయి. ఒంటి సంగతి లేదు.

"అది... పరీక్షలో రాదమ్మా."

"సరే మాస్టారూ," అని ఆమె కూర్చుంది. ఆయన తర్వాతి ప్రశ్న చదివారు. ఈసారి ఎవరూ అక్షరం అరవలేదు.

క్లాసయ్యాక, భోజనం క్యారియర్ మూత తీయకుండానే ఆయన చాలాసేపు ఖాళీ గదిలో కూర్చున్నారు. సిగ్గుగా ఉంది. పొద్దున నవ్వినందుకు ఒక సిగ్గు, ఇప్పుడు చెప్పిన జవాబుకు అంతకు మించిన సిగ్గు. పైలట్ కావలసిన మనిషి అడగవలసిన ప్రశ్నే ఆమె అడిగింది. దానికి తాను గుమస్తా జవాబు చెప్పి కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళుగా ఎంతమందిని ఇలా పాస్ చేయించి పైకి పంపారో లెక్కే లేదు.

లేచి చీఫ్ గదికి వెళ్ళారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పు ఆ అమ్మాయిది కాదండీ. నేను అక్షరాలే నేర్పాను. నాకు తెలిసింది అంతే." తలుపు దగ్గరికి వేశారు. "ఇంకోటి. నా కళ్ళకి ఏమీ కాలేదు. భయపడి మానేశాను."

చీఫ్ నవ్వలేదు. "కళ్ళ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు మాస్టారూ," అన్నాడు మెల్లగా.

మాస్టారికి అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నేళ్ళూ దాచుకున్నానని అనుకున్నది తానొక్కడే అన్నమాట.

"ఆ కుంగడం ఎలా ఉంటుందో నాకు చూపించండి," అన్నారు. "ఆ పిల్లకి జవాబు చెప్పాలి."

చీఫ్ తాళాలు తీసుకుని లేచాడు.

నేర్చుకునేవాళ్ళు కూర్చునే కుడి సీట్లో కూర్చున్నారు మాస్టారు. చేతులు ఒళ్ళో బిగించి పెట్టుకున్నారు. నేల జారిపోయింది. హ్యాంగరు రేకుల కప్పు, దాని కింద తన గది కిటికీ, అన్నీ చిన్నవైపోయాయి. బాగా ఎత్తుకు వెళ్ళాక చీఫ్ స్పీడు తగ్గిస్తూ వచ్చాడు. మొదట నడుము దగ్గర సన్నగా వణుకు పుట్టింది. తర్వాత చీఫ్ చేతిలో స్టిక్కు పట్టు తప్పినట్టు వదులవడం కనిపించింది. ఆ తర్వాత, నూతిలో బొక్కెన తాడు తెగినట్టు, సీటు కిందనుంచి ఊడిపోయింది.

"చెప్పండి మాస్టారూ, ఏం చెయ్యాలి?"

స్టిక్కు ముందుకు తోసి, పవర్ తగ్గించి, ఆ గాలిలోంచి బయటపడాలి. వేలసార్లు చెప్పిన మాట అది. నోరు తెరిస్తే ఆయన గొంతులోంచి వచ్చింది ఒక్క అక్షరమే.

"సి!"

చీఫ్ స్టిక్కు ముందుకు తోశాడు. మెషీను తేరుకుంది.

దిగాక, "రేపు పొద్దున రమ్మనండి ఆ అమ్మాయిని," అన్నాడు చీఫ్. "మొదటినుంచి నేర్పుదాం. మీరు వెనక సీట్లో కూర్చుని క్లాసు చెప్పండి."

మాస్టారు ఆ వయసులో మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. 'ముందు నడుముకి తెలుస్తుందమ్మా, చేతికి తర్వాత' అని మనసులో అనుకుంటూనే ఎక్కారు. గదిలో ఎవరూ లేరు. నర్సమ్మ చీఫ్ మాట కోసం ఆగకుండానే ఆఫీసులో ఐడి కార్డు, యూనిఫాం అప్పగించేసి వెళ్ళిందన్నారు. గేటు దగ్గరికి పరుగెత్తారు.

"ఇప్పుడే బస్సెక్కిందండీ," అన్నాడు వాచ్‌మన్. "హెలికాప్టరు పైన ఉన్నప్పుడు ఇక్కడే నిలబడి చూసింది. 'ఎవరో బాగానే నేర్చుకుంటున్నారు' అంది."

ఫోను చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేశారు. సందేశం పెడదామని మొదలెట్టి, ఏ మాటతో మొదలెట్టాలో తెలియక ఆపేశారు.

"మాస్టారూ!" హ్యాంగర్ ముందునుంచి మెకానిక్ పిలిచాడు. "మెషీను లోపలికి తోసేస్తున్నా. సీట్లో ఇది మీదేనా?"

మాస్టారు హెలికాప్టరు తలుపు దగ్గరికి వెళ్ళి చూశారు. కాళ్ళు పెడల్స్‌కు అందక, వీపు వెనక పెట్టుకోవడానికి నర్సమ్మ పాత కర్టెను గుడ్డతో కుట్టుకున్న దిండు అది. పైన ఉన్నంతసేపూ మాస్టారి వీపు ఆనుకున్నది దానికే. కుడి సీట్లో అది నిటారుగా నిలబడి ఉంది, ఒక మూల కుట్టు వదిలి దూది బయటికి వచ్చి, మధ్యలో మనిషి ఆనిన గుంట ఇంకా పూడకుండా.