ముందొచ్చే పావుగంట

"కూరలో ఉప్పు తక్కువైందని అప్పీలు చేసుకుందామన్నా, మా ఇంట్లో లాయరూ ఆవిడే, జడ్జీ ఆవిడే" అని మా ఆయన వాళ్ళక్కని నవ్వించాడు. ఆ ఆడపడుచు నాలుగు రోజులుండి పోదామని వచ్చింది. అందరూ తిని లేచాక నేను గిన్నెలు తోముతున్నాను. నేనూ నవ్వాను. ఆ పూట తోమాల్సిన గిన్నెల్లో నవ్వు కూడా ఒకటి.

బట్టల ఫ్యాక్టరీ యాజమాన్యానికి కార్మిక చట్టం చెప్పడం నా ఉద్యోగం. సమ్మె నోటీసు వస్తే ఏం చెయ్యాలో, ఎవరితో ఏం మాట్లాడకూడదో, జీతం ఎప్పుడు ఆపొచ్చో మేనేజర్లకు నేనే నేర్పుతాను. కుట్టు విభాగంలోని ఆడవాళ్ళు సమ్మె చెయ్యలేదు. అంతకన్నా చిక్కైన పని చేశారు. ఇన్నేళ్ళుగా వాళ్ళు గంట కొట్టడానికి పావుగంట ముందే వచ్చి మిషన్లు తుడిచి, నూనె వేసి, దారాలు ఎక్కించి పెట్టుకునేవారు. జీతాల చర్చ తెగకపోయేసరికి అలా రావడం మానేశారు. గంట కొట్టాకే లోపలికొచ్చి, అప్పుడు తుడవడం మొదలుపెట్టారు. ఆ రోజు సరుకు తీసుకెళ్ళే లారీ సగం ఖాళీగా వెళ్ళింది.

"ఇది నోటీసు లేని సమ్మె" అన్నాడు యజమాని మర్నాడు నన్ను పిలిపించి. "జీతం కొయ్యొచ్చని మీరు రాసివ్వండి చాలు. నలుగుర్ని ఇంటికి పంపిస్తే మిగతావాళ్ళు దారికొస్తారు."

"ఆ పావుగంటకి మనం జీతం ఇవ్వడం లేదు సార్."

"రమ్మని అడిగామా మేడమ్? వాళ్ళే వచ్చేవాళ్ళు. కంపెనీ మీద ప్రేమ అది! ఇన్నాళ్ళూ లేని నొప్పి ఇవాళ పుట్టుకొచ్చిందా?"

రాయడం చేతకాక కాదు. ఏళ్ళ తరబడి సాగిన అలవాటు బాధ్యతే అవుతుందని వాదించగలను. మొదటి పేరా మనసులో తయారైంది కూడా. 'ప్రేమ' అన్న మాట దగ్గర ఆగిపోయింది. అది మా అత్తగారి మాట. "ప్రేమంటూ ఉంటే ఒళ్ళునొప్పులు తెలియవే అమ్మాయ్" అంటుంది, తెల్లారుతూనే వంటింట్లో నా అలికిడి విని, అటు తిరిగి పడుకుంటూ. నిజమేనేమో అనుకునేదాన్ని. నాకు వాళ్ళమీద ప్రేమ ఉందో లేదో తేల్చుకునే తీరిక ఎప్పుడూ దొరకలేదు. చేసుకుంటూ పోతున్నంతకాలం ప్రేమా, అలవాటూ ఒకే చప్పుడు చేస్తాయి.

"రాయలేను సార్. జీతమే లేని పని మానేస్తే, కొయ్యడానికి ఏముంటుంది?"

"ఇంతకీ మీరు ఎవరి తరఫు?"

"మీ తరఫే. కోస్తే కోర్టులో మీరే ఓడిపోతారు."

"సరే, రాసేవాళ్ళనే తెచ్చుకుంటాలెండి. మీ కుర్చీ సంగతీ అప్పుడే చూద్దాం."

ఇంట్లో చెప్పాను. "వాళ్ళేమన్నా నీకు చుట్టాలా? ఓ సంతకం పడేస్తే పోయేదానికి ఉద్యోగం మీదికి తెచ్చుకుంటావా?" అన్నాడు మా ఆయన. లైటార్పేముందు గుర్తుచేశాడు. "రేపు అక్క పెందలాడే బయల్దేరుతుంది. కాస్త ముందుగా లే."

తెల్లారకముందే, ఆయన లెమ్మన్న వేళకే మెలకువ వచ్చింది. కాళ్ళు వాటంతటవే మంచం దిగబోయాయి. వెనక్కి తీసుకున్నాను. కోపం కోసం వెతికాను, కనిపించలేదు. అవతలి గదిలో అత్తగారు దగ్గింది. అది నన్ను లేపే దగ్గు. ఆడపడుచు వంటింట్లోకి తొంగిచూసి వెనక్కి వెళ్ళింది.

"ఒంట్లో బాగోలేదా?" అన్నాడు మా ఆయన కళ్ళు తెరవకుండానే.

"బాగానే ఉంది" అన్నాను.

పని ఆపేశాక ఈ ఇంటిమీద నాలో ఏం మిగులుతుందో చూడాలని, దుప్పటి మెడదాకా లాక్కున్నాను.