పదకొండింటి మేత

మేత చల్లే మిషన్ వచ్చినప్పుడు నేను కుళ్లుకున్న మాట నిజమే. కోడూరు దగ్గర హరిబాబు గారి రొయ్యల చెరువులో పదిహేనేళ్లు తెప్ప మీద తిరుగుతూ నా చేత్తో మేత చల్లాను. ఏడో తరగతితో బడి మానేసినవాడికి అంతకంటే పెద్ద విద్య దొరకలేదు. మిషన్ వచ్చాక నాకు మిగిలింది ట్రేలు లేపి చూడటం. చెరువు అడుక్కి దింపిన ఆ వలపళ్లెంలో మేత మిగిలితే ఎక్కువ పడిందని అర్థం.

అందుకే నింద నా మీద పడటానికి ఎంతోసేపు పట్టలేదు. వారం రోజులుగా మధ్యాహ్నం ట్రే లేపితే మేత గుట్టగా మిగులుతోంది. నీళ్లు నల్లబడి, గట్టువార రొయ్య తేలుతోంది. బుధవారం గుడివాడ నుంచి హరిబాబు గారు కారేసుకొచ్చారు.

“మిషన్ రోజుకి నాలుగుసార్లే చల్లుతుందయ్యా మాణిక్యం. ఐదోసారి ఎవరు చల్లుతున్నారు?”

“నేను కాదండి.”

“నువ్వు కాక మీ తాతొచ్చి చల్లుతున్నాడా? చెయ్యి ఇలా పట్టు.” వాసన చూశారు. “మేత కంపు! మిషన్ పనికిరాదనిపించాలని నువ్వే చల్లుతున్నావు.”

“ట్రేలు లేపే చెయ్యండి. మల్లెపూల వాసన ఎక్కణ్ణించి వస్తుంది?”

“వెటకారాలొద్దు. శనివారం దాకా చూస్తా. తర్వాత నీ దారి నువ్వు చూసుకో.”

మర్నాడు పదకొండింటికి టీకి వెళ్లలేదు. రోజూ అవనిగడ్డ రోడ్డు దాకా వెళ్లేవాణ్ణి. ఆ రోజు గట్టు మీదే కూర్చున్నాను. పది గంటల మేత అయిపోయింది, తర్వాతది రెండింటికి. పదకొండు దాటిన ఐదు నిమిషాలకి, వేళ కాని వేళ, మిషన్ గిర్రున తిరిగింది. మేత నీళ్ల మీద వానలా పడింది.

మిషన్‌ని నడిపే ప్రోగ్రాం రాసింది హరిబాబు గారి కూతురు హారిక. గుడివాడలో ఇంట్లో కూర్చునే చెరువు సంగతి చూసుకుంటుంది. ఫోన్ చేశాను.

“అమ్మా, ఇప్పుడు నువ్వేం నొక్కావు?”

“మేతేం వెయ్యలేదు బాబాయ్. రేపటికి ఎన్ని కిలోలు కావాలో లెక్క చూసుకున్నా, అంతే. వారం నుంచి రోజూ చూస్తున్నాగా.”

“ఇంకోసారి చూడు.”

“ఎందుకూ?”

“చూడమ్మా తల్లీ.”

ఫోన్లో టకటక. చెరువులో గిర్రు.

“ఆపు, ఆపు! మళ్లీ చల్లింది!”

“అయ్యో బాబాయ్,” అంది.

శుక్రవారం పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని షెడ్డులో దిగింది. మొదట రాసిన ఫైల్లో పైన మేత లెక్క, అడుగున ‘చల్లు’ అనే ఆజ్ఞ ఉన్నాయట. లెక్క మాత్రమే చూసుకోవడానికి పోయిన వారం ఇంకో ఫైలు రాసింది. ఆ లెక్క మళ్లీ రాయడం ఎందుకని, మొదటి ఫైలు నుంచి తెచ్చుకోమని అందులో పెట్టింది.

“లెక్క ఒక్కటే తెమ్మన్నావుగా?”

“ఈ ప్రోగ్రాం రాసిన భాష పైథాన్ బాబాయ్. అందులో ఒక ఫైలు ఇంకోదాన్ని పిలిస్తే, ఆ రెండోదాన్ని మొదటి లైను నుంచి ఆఖరి లైను దాకా నడిపేస్తుంది. అడుగున చల్లమని ఉంది. చల్లేసింది.”

“పప్పులో ఉప్పెంతో అడుగుదామని వంటమేస్త్రీని పిలిస్తే, పొయ్యి వెలిగించి ఊరందరికీ వండి పడేశాడన్నమాట.”

“అంతే! వండటానికి పిలిచారా, అడగటానికి పిలిచారా అని ముందు చూసుకోమనాలి. నేనది రాయలేదు.”

అప్పుడు రాసింది. ఒక్క లైను. నేరుగా నడిపినప్పుడు ఆ ఫైలుకి ‘మెయిన్’ అని పేరు పెడుతుందట పైథాన్. వేరే ఫైలు పిలిస్తే దాని సొంత పేరే ఉంటుందట. పేరు మెయిన్ అయితేనే చల్లు, లేకపోతే లెక్క చెప్పి ఊరుకో. అదీ ఆ లైను.

“ఇప్పుడు నొక్కు,” అని గట్టు మీదకెళ్లి నిలబడ్డాను. మిషన్ కదల్లేదు.

“లెక్కొచ్చిందా?” అని అరిచాను.

“వచ్చింది!”

ఇంకా ఐదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. నా నమ్మకం నాది.

హారిక వాళ్ల నాన్నకి ఫోన్లో అంతా చెప్పి నాకు ఇచ్చింది.

“ఏదో చిన్న లైను మర్చిపోయిందటగా,” అన్నారాయన. “సర్లే, పని చూసుకో. ముందే చెప్పొచ్చుగా?”

“చెప్పానండి.”

“ఏమో, నాకు గుర్తులేదు.”

ఫోన్ తిరిగిచ్చాను. “నాన్న సారీ చెప్పారా?” అంది హారిక.

“లేదమ్మా.”

ఆ పిల్ల తల దించుకుంది. తనేదో అనబోతుంటే, ట్రే లేపే టైమైందని లేచాను. ఇనప మిషన్‌కి కూడా ఎవరు పిలిచారో, దేనికి పిలిచారో చూసుకునే లైను ఒకటి పెట్టారు. నా విషయంలో చెయ్యి వాసన చూసి తేల్చేశారు.

ట్రేలో నాలుగు గింజలు కూడా మిగల్లేదు. నా చెయ్యి నేనే ఓసారి వాసన చూసుకున్నాను. మేత కంపే.