వాము కాని వాము ఆకు

తూనికలు కొలతల శాఖలో ముప్పయ్యారేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆయనను ఆ మేడలో అందరూ చాటుగా ‘కొలతలాయన’ అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అందులో తప్పుపట్టవలసినదేమీ ఆయనకు కనబడలేదు.

ఆయన భార్య నర్సుగా చేసి రిటైరయింది. బాల్కనీలోని పదకొండు కుండీలు ఆవిడ రాజ్యం. పుదీనా, నిమ్మగడ్డి, కలబంద, అల్లం, వాటన్నిటికీ పెద్దక్క లాంటి వాము ఆకు. మందపాటి నూగు ఆకు. తుంచితే వంటింట్లో వాము డబ్బా మూత తీసినట్టుండేది. మేడలో ఎవరికి గొంతు పట్టినా ఆవిడ రెండు ఆకులు చేతిలో పెట్టి, “వేడినీళ్లలో వేసుకుని తాగండి. మూడు రోజుల్లో తగ్గకపోతే మాత్రం నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికెళ్లండి” అనేది. తొలి ఉద్యోగం చేసిన ఆసుపత్రి పెరట్లోంచి తెచ్చుకున్న కొమ్మ అది. ఏడు ఇళ్లు మారినా దాని చెయ్యి వదలలేదు.

చెల్లెలికి మోకాలి ఆపరేషనయితే, రెండు నెలలు తోడుండడానికి బయలుదేరుతూ ఆవిడ చెప్పింది: “వాము ఆకుకి మాత్రం నీళ్లు తక్కువ పొయ్యండి.”

“తక్కువ అంటే ఎంత?”

“మట్టి ముట్టుకుంటే తెలుస్తుంది.”

“వేలు కొలమానం కాదు.”

“నలభై ఏళ్లుగా మీ జ్వరం చేత్తోనే చూశాను. అప్పుడు అభ్యంతరం చెప్పలేదే” అని ఆవిడ సంచి భుజాన వేసుకుంది.

ఆయన కొలపాత్ర తీసుకుని రోజూ ఉదయం ఏడింటికి కుండీకి అర లీటరు చొప్పున, ఎవరిమీదా పక్షపాతం లేకుండా పోశారు. మూడోవారానికి వాము ఆకు కాండం మొదట్లో నల్లబడింది. పట్టుకుంటే మెత్తగా చేతిలోకి ఊడివచ్చింది.

భార్య కోప్పడే మనిషి కాదు. “పోనీలెండి” అంటుంది. ఆ ‘పోనీలెండి’ తరువాత ఇక ఏ మొక్కనూ ఆయన చేతికి అప్పగించదు. అదే ఆయనకు మింగుడుపడలేదు.

ఇంకా అయిదు వారాల వ్యవధి ఉంది. వాము గింజనుంచి వాము మొక్క, వాము మొక్కకు వాము ఆకు; ఈ తర్కంలో ఆయనకు దోషం కనిపించలేదు. వంటింటి డబ్బాలోంచి అరచెంచా వాము తీసి ఖాళీగా ఉన్న ఒక చిన్న కుండీలో చల్లారు. తొమ్మిదోనాడు పచ్చని చుక్కలు పైకి లేచాయి. పూర్వం తూకపు రాళ్లమీది ముద్రలను పరీక్షించిన భూతద్దంతో ఆయన రోజూ వాటిని చూసి పుస్తకంలో రాసుకునేవారు. ఆకులు సన్నగా ఉన్నాయి. పసితనం కదా అని సరిపెట్టుకున్నారు. మూడువారాలు దాటేసరికి అవి మందమెక్కడం మాని, పోగులు పోగులుగా చీలాయి. ఒకటి నలిపి చూస్తే వాము వాసన గుప్పుమంది. ముక్కు ఔనంటోంది, కన్ను కాదంటోంది. ఇక కాలు నిలవక, కుండీ పట్టుకుని కింది వాటాలోని దర్జీ అమ్మాయి దగ్గరికి దిగారు. ఆరేళ్లలో ఆయన ఆ గడప తొక్కింది చొక్కా గుండీ కోసమే.

“అమ్మాయ్, ఇదేమిటో చెప్పగలవా?”

ఆమె మిషను ఆపింది. “కొత్తిమీరకి జుట్టు రేగినట్టుంది. ఏం వేశారు బాబాయ్ గారూ?”

“వాము.”

“ఎందుకండీ?”

“వాము ఆకు కోసం.”

ఆమె నోట్లోని గుండుసూదులను ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చి, అప్పుడు తీరిగ్గా నవ్వింది. “మరి వామే వచ్చింది. పిన్నిగారి వాము ఆకు అసలు వామే కాదు. వాసన ఒకటేనని ఎవరో ఆ పేరు అంటగట్టారు. దానికి కొమ్మ గుచ్చాలి. నేను విత్తనాలడిగినప్పుడు పిన్నిగారూ ఇలాగే నవ్వారు.”

“పేరు తప్పని ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదా?”

“మీరే చెయ్యండి. మీ శాఖే కదా.”

ఆమె కిటికీలో మందపాటి ఆకుల కుండీ ఒకటుంది. “ఇది పిన్నిగారిచ్చిన కొమ్మే. మూడో అంతస్తు వాళ్లది నా కొమ్మ. మేడంతా మీ మొక్కే” అంటూ కత్తెరతో జానెడు కొమ్మ కత్తిరించి ఇచ్చింది. “నీళ్లు మాత్రం, మట్టి...”

“ముట్టుకుంటే తెలుస్తుంది” అని ఆయనే పూర్తిచేశారు.

మొదటిరోజు వేలికి మట్టి తప్ప మరేమీ తెలియలేదు. నాలుగోరోజుకు చల్లదనం వేరు, తడి వేరు అని తెలిసింది. పదోరోజుకు కొలపాత్ర ఎక్కడ పెట్టారో ఆయనకే గుర్తులేదు.

రెండువారాలకు భార్య తిరిగి వచ్చింది. సంచి దించి నేరుగా బాల్కనీలోకి వెళ్లి, పెద్ద కుండీలో నిలబడిన చిన్నమొక్కను చూసింది. చెప్పవలసినదంతా ఆయన మూడు పేరాలుగా సిద్ధం చేసుకున్నారు. బయటికి వచ్చింది ఒక్క మాటే.

“పాతది నేను చంపేశాను.”

ఆవిడ మట్టిలో వేలు గుచ్చి చూసింది. “నీళ్లు ఎప్పుడు పోశారు?”

“మొన్న. ఎంతో అడక్కు, కొలవలేదు.”

ఆవిడ వేలి మట్టి దులుపుకుని వెనక్కి తిరిగింది. “వచ్చే నెల చెల్లి రెండో మోకాలు. మళ్లీ వెళ్లాలి.”

“వెళ్లు.”

“వెళతాను” అంటూనే పక్క కుండీ చూసి వంగింది. “ఇదేంటిది?”

“వాము. అసలైనది.”

“ఇన్నేళ్లు వాడాను గానీ మొక్కను చూసిందే లేదు.” ఆవిడ కూర్చుని ఆ పోగుల ఆకును ఒక చేత్తో, మందపాటి ఆకును మరో చేత్తో నలిపింది. “కళ్లు మూసుకోండి. ఏది ఏదో చెప్పండి.”

ఆయన ఒక గుప్పిటి దగ్గర ముక్కు పెట్టారు. తరువాత రెండోదాని దగ్గర. మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చారు.

“ఇంకొకసారి చూపించు” అన్నారు.