అవ్వ దిష్టి తీసిన కారు

ధర్మవరం రైల్వే గేటు దాటేదాకా త్రివేణి తన మొగుణ్ణి "ఏమండీ" అంటుంది. గేటు దాటిందా, "శశీ" అంటుంది. పెళ్ళయి ఐదు వారాలు. ఈ ఐదు వారాల్లో ఆ పిల్ల కనిపెట్టిన గొప్ప సంగతి ఒక్కటే: అత్తవారింట్లో మొగుడూ పెళ్ళామూ ఇద్దరే కూచుని మాట్లాడుకునే చోటు కారు తప్ప మరొకటి లేదు.

ఇల్లు మరీ చిన్నదేం కాదు. కానీ ముందు గదిలో మూడు మగ్గాలు, వెనక గదిలో పట్టునూలు, మిగిలిన జాగాలో పదకొండు మంది మనుషులు. కొత్త జంటకిచ్చిన గదికి తలుపుంది, గడియ లేదు. మిద్దె మీదికి మెట్లు ఆ గదిలోంచే. శశి చెవిలో ఏదో చెప్పబోయేసరికి "వడియాలు ఎండినాయేమో చూసొస్తా" అంటూ ఎవరో ఒకరు ఆ దారినే పైకి పోతారు. వాళ్ళు దిగి వచ్చేదాకా ఇద్దరూ క్యాలెండరు చూస్తూ కూచుంటారు. పౌర్ణమి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో త్రివేణికి కంఠతా వచ్చేసింది.

అందుకే గురువారమంటే ఆమెకు పండగ. గురువారం గోరంట్ల దుకాణానికి చీరలు వేసుకుపోయే రోజు. "చీరల మడతలు చూసుకునేకి ఒక మనిషి ఉండాల నాయనా" అని శశి మొదటి వారమే వాళ్ళ నాయన వెంకటరాముడితో అన్నాడు. డిగ్రీ చదివిన కోడలు మడతలు చూడ్డానికా అని ఆయన అడగలేదు.

ఆ కారు వయసు ముప్పై దాటింది. ఒకప్పటి తెలుపు వెలిసి పుల్లమజ్జిగ రంగుకొచ్చింది. ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, శశి దిగి చుట్టూ తిరిగొచ్చి తీయాలి. త్రివేణికి అదీ సంబరమే, రాణీగారికి తలుపు తీస్తున్నట్టు కాలు ముందు పెట్టి మెల్లగా దిగుతుంది. పెళ్ళి నాటి నుంచీ ఇంజను ఎందుకో "తుస్, తుస్" మంటోంది. "మన మాటలు ఇని నవ్వుతాంది" అనేవాడు శశి. ఆమె నమ్మేది.

ఆ గురువారం కొత్తచెరువు దాటాక, రోడ్డుకు రెండు పక్కలా వాన చూడని ఎర్రచేలు పరుచుకున్న చోట, కమ్మని వాసన వచ్చింది.

"శశీ, ఎవురో శెనక్కాయలు వేయిస్తాండారు."

"నాకూ వచ్చిందిలే. బండి యాడుందో చూడు, రెండు పొట్లాలు తీసుకుందాం."

ఇద్దరూ చెరోపక్కా చూశారు. బండి లేదు. ఒక మైలు పోయారు, వాసన తగ్గలేదు సరికదా పెరిగింది. "ఈ ఊర్లోనూ వేయిస్తాండారే!" అంది త్రివేణి ఇంకా సంబరంగా. అనంతపురం సీమలో పుట్టినవాళ్ళకు ఆ వాసన తగిలితే నోరూరుతుంది గానీ అనుమానం రాదు.

అంతలో కమ్మదనం పోయి, వెంట్రుకలు కాలిన కమురు వాసన ముక్కుపుటాలకు తగిలింది. శశి మొహం పాలిపోయింది. పోగు కాల్చి వాసన చూసి, అది అసలు పట్టో కాదో చెప్పే ఇంట్లో పుట్టినవాడు.

"పట్టు! పట్టు కాలుతాంది!"

కారు రోడ్డు పక్కకు తీసి ఆపి, ఒక్క దూకు దూకి వెనక్కి పరిగెత్తాడు. డిక్కీ తెరిచి చీరల మూటను చంటిబిడ్డలా ఎత్తుకుని చేలోకి పోయాడు. మూట విప్పి ఒక్కో చీరా వాసన చూడసాగాడు.

చీరలు బంగారంలా ఉన్నాయి. పొగ మాత్రం ముందువైపు, బానెట్టు సందుల్లోంచి వస్తోంది. ఎడమ తలుపు పక్కన కూచున్న త్రివేణి అది చూసింది.

"శశీ! చీరలు కాదు! నేను! తలుపు!"

అతనికి వినిపించలేదు. త్రివేణి చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టి, గేరు రాడ్డు దాటి, స్టీరింగు కింద నుంచి పాకి అవతలి తలుపులోంచి బయట పడింది. అప్పటికి అతనికి విషయం అర్థమై పరిగెత్తుకొచ్చి, తలుపు దగ్గరి మీట లాగి బానెట్టు మీద చెయ్యి వేశాడు.

"పూర్తిగా ఎత్తొద్దు! గాలి తగిలితే భగ్గుమంటాది!" అని అరిచింది త్రివేణి.

"మరి నీళ్ళు?"

"పెట్రోలు బండికి నీళ్ళా? ఉండేదీ అర సీసా!"

పక్క చేలో రాళ్ళు ఏరుతున్న ఒకావిడ గంప ఎత్తుకుని గట్టు మీదికి ఉరికింది. ఆమె పేరు తిమ్మమ్మ అని తర్వాత తెలిసింది. "నీళ్ళు యాడుండాయి తల్లీ ఈ నేలలో! మన్నుండాది, కావలసినంత మన్నుండాది!" అంటూ అప్పుడే గంపెడు ఎర్రమన్ను ఎత్తింది. శశి తువ్వాలు చుట్టుకున్న చేత్తో బానెట్టును జానెడు ఎత్తి పట్టుకున్నాడు. తిమ్మమ్మ గంపతో, త్రివేణి దోసిళ్ళతో ఆ సందులోకి మన్ను విసిరారు. ఏడు గంపలకు మంట చచ్చింది. ఎనిమిదో గంప తిమ్మమ్మ ఊరికే, కసికొద్దీ పోసింది.

పొగ తగ్గాక బానెట్టు ఎత్తి చూస్తే, లోపల ఇంజనుకు బదులు చిన్న దిబ్బ. దిబ్బ అంచున ఎలుకల గూడు. వేరుశనగ పొట్టు, మగ్గాల కింద ఊడ్చిపారేసిన పట్టునూలు తుక్కు, ఒక పక్కన మన్ను పడని గుప్పెడు కాయలు. కారు పెట్టే కొట్టంలోనే చేలో పండిన కాయల మూటలు ఉంటాయి. వారానికోసారి కదిలే కారును ఎలుకలు తమ గాదెగా చేసుకున్నాయి.

తిమ్మమ్మ ఒక కాయ చిదిమి వాసన చూసి పారేసింది. "బాగా వేగినాయి. పొగ తగలకుంటే తినొచ్చు." తర్వాత త్రివేణిని ఎగాదిగా చూసింది. "ఏమ్మే, మొగున్ని పేరు పెట్టి పిలుస్తాండావే?"

"పెండ్లాన్ని లోపల పెట్టి చీరల్ని ఎత్తుకుపోయే మొగున్ని ఇంకెట్ల పిలవాల తిమ్మక్కా?"

తిమ్మమ్మ నడుము పట్టుకుని నవ్వింది. శశి చెవులు ఎర్రచేలకంటే ఎర్రబడ్డాయి.

కబురందుకుని కొత్తచెరువు నుంచి మెకానిక్ హుస్సేన్ బాషా వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఏ ప్రశ్నా వేయకుండా బ్రష్షుతో మన్ను దులిపి, ఇంజను పక్కకు వంగి చాలాసేపు చూశాడు.

"పెట్రోలు పైపు చెక్కుచెదరలేదు, మీ అదృష్టం. ఎలకలు గూడు కట్టినాయి, సరే. దానికి అగ్గి పెట్టిందెవురు?" అని, వేలితో చూపించాడు. "ఇదో, మేనిఫోల్డు. ఇంజనులోని వేడి పొగంతా ఈ పోత ఇనుప గొట్టంలోంచి ఎనక్కి పోవాల. ఇది పగిలింది. ఆ సందులోంచి సెగ తిన్నగా గూటికి తగిలింది. తుస్సు తుస్సు మనలేదా?"

"అనింది. నవ్వుతాందనుకుంటిమి" అంది త్రివేణి.

"ముసలిదై పగిలిందా బాషన్నా?" అన్నాడు శశి.

"వయసుకు పగిలేది వేరప్పా. తుప్పు పట్టి, పొరలు లేచి పగులుతాది. ఇది గాజు గ్లాసు పగిలినట్ల పగిలింది. కాగే ఇనుము మీద చన్నీళ్ళు పడితేనే ఇట్లయితాది. ఎవురన్నా పోసినారా?"

మొగుడూ పెళ్ళామూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పెళ్ళినాడు కుందుర్పి నుంచి త్రివేణిని ఈ కారులోనే తీసుకొచ్చారు. గుమ్మం ముందు శశి వాళ్ళ అవ్వ సుబ్బలక్ష్మమ్మ జంటకు ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. అంతటితో ఊరుకోలేదు. "ఇంత దూరం మోసుకొచ్చినదానికి మాత్రం దిష్టి తగల్లేదా?" అంది. "దాని గుండెకాయ యాడుంటాదో ఆడికే తీయాల" అని పట్టుబట్టి బానెట్టు ఎత్తించింది. మనుషులకైతే తిప్పిన నీళ్ళు పక్కన పారబోస్తారు. కారుకు ఏది పక్కో, ఏది ముందో అవ్వకు తోచలేదు. మూడు సార్లు తిప్పి, చెంబెడు నీళ్ళూ ఇంజను మీదే కుమ్మరించింది. టప్పుమని పెద్ద చప్పుడు. "ఇన్నారా! దిష్టి పగిలింది!" అని అవ్వ అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. త్రివేణి కూడా కొట్టింది.

సంగతి విని హుస్సేన్ బాషా బ్రష్షు కింద పెట్టి గట్టు మీద కూలబడి నవ్వాడు. "నలభై ఏండ్లుగా ఇదే పని చేస్తాండా. దిష్టి తీసి ఇంజను పగలగొట్టినోళ్ళను ఇప్పుడే చూసేది!" కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వి, చివరికి పనిలోకి దిగాడు. "ఇప్పుడు ఇవి తయారు కావు. అనంతపురంలో పాత ఇనుము అమ్మే గుజిరీ అంగళ్ళలో ఎతకాల. తెచ్చిస్తే రెండు దినాల్లో మీ కారు రోడ్డెక్కుతాది."

ట్రాక్టరు కట్టి కారును అతని షెడ్డుకు లాగించి, చీరలు బస్సులో గోరంట్లకు చేర్చి, సాయంత్రానికి ఇల్లు చేరారు. ఎలుకల గూడు, మంట సంగతి విన్న వెంకటరాముడు రెండే మాటల్లో తీర్పు చెప్పేశాడు.

"కాలిపోయే కారులో కోడల్ని కూచోబెడతానా? గుజిరీకి ఏసేద్దాం. చీరలు ఇంక బస్సులో పార్సిలు పోతాయి. శశి ఈడ్నే ఉండి మగ్గాలు చూసుకుంటాడు."

గురువారాలన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా బస్సెక్కి వెళ్ళిపోతున్నట్టు త్రివేణికి అనిపించింది. గేటు దాటడం లేదు, "శశీ" లేదు, మిగిలేది క్యాలెండరే. కారు ముసలిదై చెడలేదని ఒక్క మాట అంటే చాలు, మామ మనసు మారుతుంది. కానీ ఆ మాట వెనకే అవ్వ పేరు రావాలి. ఐదు వారాల కోడలు ఎనభై ఏళ్ళ అవ్వ మీద నేరం ఎలా మోపుతుంది? ఆ అవ్వ కూడా ఎలాంటిదని! రోజూ బెల్లంముక్క కొంగున కట్టుకొచ్చి ఎవరూ చూడకుండా చేతిలో పెట్టే మనిషి. శశి వైపు చూసింది. అతను తన కాలి బొటనవేలిని పరీక్షిస్తున్నాడు.

"ఇంతకీ ఏం పగిలిందంటప్పా?" అంది అవ్వ గోడకానుకుని.

"మేనిఫోల్డు అవ్వా."

"మేనమామ తెలుసు, మేనత్త తెలుసు. ఈ మేనిఫోల్డు యా వరస?"

మగ్గాల మీదివాళ్ళు కూడా నవ్వారు.

"సరే, అదెట్ల పగిలింది?"

"పాతది కదవ్వా... అట్లే..." అని గొణిగింది త్రివేణి.

"నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు కొంగు మెలి తిప్పుతావు. నిజం చెప్పు."

త్రివేణి కొంగు వదిలేసింది. "కాగే ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగులుతాదంట" అంది, ఆఖరు మాట తనకే వినపడనంత మెల్లగా.

అవ్వ కాసేపు నోట్లో వక్క నమలడం మానేసింది. "నా ఎర్రనీళ్ళా? ఆ పొద్దు టప్పుమనిందే... అది దిష్టి కాదా?"

మగ్గాలు ఆగిపోయాయి. ముందు అవ్వ భుజాలు కదిలాయి, తర్వాత పళ్ళు లేని నోరంతా తెరుచుకుంది. నవ్వుతోంది!

"అయితే పని చెడగొట్టింది ముసలి కారు కాదురా, ముసలి నేను! నన్నెయ్యి గుజిరీకి, చూస్తా!"

"అది కాదమ్మా, మళ్ళా మంటొస్తే?" అన్నాడు వెంకటరాముడు.

"ఎలకల గూడు లేకుండా చేసి, ఆ మేనత్త కొడుకును మార్పిస్తే మంట యాడ్నుంచి వస్తాది? పిల్లోళ్ళకు ఆ కారు ఎందుకు కావాల్నో నీకు తెలీదా? నువ్వు సుజాతను ఏసుకొని నూలు తేవాల, నూలు తేవాల అని వారానికి రెండు తూర్లు హిందూపురం పోతాంటివే, నేను అడిగినానా? అటక నిండా నూలుండె!"

త్రివేణి అత్త సుజాత చేతిలోని చేట అక్కడే వదిలి, కొంగు మొహాన కప్పుకుని వంటింట్లోకి మాయమైంది. వెంకటరాముడు గొంతు సవరించుకున్నాడు. ఒకసారి చాలక మళ్ళీ సవరించుకున్నాడు.

"కాయల మూటలు రేపే ఇంకో చోటికి మార్చండి. మంటలార్పే సిలిండరు ఒకటి కొని కారులో పెట్టుకోండి. ఆ మేనిఫోల్డు..." అని కొడుకు మొహం చూడకుండా అన్నాడు, "ఇద్దరూ పోయి ఎతుక్కోని రాండి. దొరికేకి పొద్దు పడతాదేమో."

మర్నాడు పొద్దున్నే అనంతపురం బస్సెక్కారు. గుజిరీ అంగళ్ళ వరసలో మొట్టమొదటి అంగడి చెన్నప్పది. శశి కారు పేరు చెప్పగానే ఆయన లోపలికి పోయి, పాత గోనె సంచి కింద నుంచి పగుళ్ళు లేని మేనిఫోల్డు ఒకటి తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పటికి టైము పది కూడా కాలేదు.

శశి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వంక పెట్టడానికేమీ దొరకలేదు. అతని మొహం వాడిపోవడం చూసి త్రివేణి ముందుకొచ్చింది.

"అన్నా, ఇది మాదే. అయితే సాయంత్రం దాకా మీ దగ్గరే పెట్టుకుంటారా?"

చెన్నప్ప ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆమె మెడలో పసుపు ఇంకా వెలవని తాడు చూశాడు. మేనిఫోల్డును తీసి మళ్ళీ గోనె సంచి కింద పెట్టాడు.

"నేను అంగడి మూసేది ఆరింటికి. ఐదున్నరకు రాండి. ఎవురన్నా ఫోను చేసి అడిగితే, పాపం అంగడంగడీ తిరుగుతాండారని చెప్తాలే."