అత్తగారికి తెలిసిన దారి

"నీ బ్యాగు నేనే సర్దేశాలే" అన్నాడు భర్త పొద్దున్నే. తన చేతిరుమాలు ఎక్కడుంటుందో తెలియని మనిషి పెళ్ళాం బ్యాగు సర్దాడంటే మురిసిపోవాలి. ఆమెకి మాత్రం భయం వేసింది.

మొన్నామధ్య చుట్టాలందరి ముందూ అనేసింది మరి. ఆఫీసు నుంచి వచ్చి మళ్ళీ వంటింట్లో తనొక్కతే చావలేననీ, ఇలాగే ఉంటే పాపని తీసుకుని వేరే వెళ్ళిపోతాననీ. "దీనికి నోరెక్కువైంది" అన్నాడతను, నవ్వుతూనే. అప్పట్నుంచీ ఇంట్లో ఒక్కరూ విసుక్కోలేదు. కొండ మీద బౌద్ధుల గుడికి వెళ్ళొస్తే మనసు కుదుటపడుతుందన్నదీ అతనే.

కాలిదారి మొదట్లో కారు ఆపి, "పాప నిద్రపోతోంది, నేనిక్కడే ఉంటా. అమ్మని జాగ్రత్తగా తీసుకెళ్ళు" అంటూ బ్యాగు ఆమె భుజానికి తగిలించాడు. సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళకి ఇంత బరువెందుకో! మంచులో అడుగు ముందేముందో కనబడడం లేదు. తీసుకెళ్ళడం మాట దేవుడెరుగు, అత్తగారే ముందు నడిచారు. దారి చీలిన చోటల్లా ఆవిడ ఆగలేదు, ఎవర్నీ అడగలేదు.

గుమ్మంలో ఒక భిక్షుణి ఆప్యాయంగా ఎదురొచ్చింది. "మీ గది ఊడ్చి ఉంచామమ్మా. మీరే కోరుకున్నారని మీవారు ఫోన్లో చెప్పారు. ఎన్నాళ్ళైనా ఉండండి."

గదిలో చాప, దుప్పటి, చిన్న కిటికీ. ఆమె బ్యాగు తెరిచింది. ఉన్న స్వెట్టర్లన్నీ కుక్కి ఉన్నాయి. వాటి మధ్య పాప ఫోటో కూడా పెట్టాడు.

"మీకు ముందే తెలుసా అత్తయ్యా?"

అత్తగారు కిటికీ వైపు తిరిగారు. "నన్నూ మీ మామయ్య ఇక్కడే దింపి వెళ్ళారు. అప్పట్లో నాకూ నోరెక్కువే."

కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ గొంతు పెంచగా ఈమె విని ఎరగదు.

"మరి అప్పుడు మీ అబ్బాయి?"

"తిరిగెళ్ళేసరికి నన్ను చూసి ఏడ్చాడు. ఎవరో పరాయిదాన్ని అనుకున్నాడు."

కింద హారన్ మోగింది.

"అది నాకోసం. నేనెక్కితే గానీ కారు తియ్యడు" అంటూ అత్తగారు మెల్లగా చాప మీద చతికిలబడ్డారు. "నేను లేవను. నువ్వు వెళ్ళు."

హారన్ మళ్ళీ మోగింది. పాపని చంకనేసుకునేదాకా నోరు మెదపకూడదనీ, ఆ తర్వాత ఇక మూయకూడదనీ అనుకుంటూ ఆమె మంచులోకి దిగింది.