దూది తొడుగులు

కింది దవడ అచ్చులో ఆఖరి పన్ను ఎంతకీ కుదురుకోవడం లేదు. పళ్ళమేస్త్రి చాకుమొనను స్పిరిట్ దీపం మీద వేడి చేసి, పన్ను మొదట్లో మైనం కరిగించి, బొటనవేలితో లోపలికి నొక్కాడు. తల వెనక్కి వాల్చి, ఒక కన్ను మూసి చూశాడు. పన్ను రవ్వంత వంకర తిరిగింది. అలాగే ఉండాలి. మరీ తీరుగా ఉంటే పెట్టుడు పళ్ళని పసిపిల్లలు కూడా పట్టేస్తారు.

ఆదివారం కావడంతో పళ్ళ డాక్టరు ముందుగదులకు తాళం వేసి ఉంది. మేస్త్రి వెనకగది మాత్రం తెరిచి ఉంది. అతనికి సెలవు రోజు ఇంట్లో కూర్చోవడం ఈ మధ్య కష్టంగా ఉంది. ఊళ్ళో ముసలివాళ్ళు సగం మంది అతను చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు, నములుతున్నారు, కోడళ్ళను సాధిస్తున్నారు. అతని మొహం మాత్రం వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

మొహం సంగతికేం గాని, చేతులు చూడాల్సినవి. మనిషి నల్లగా, పొట్టిగా, మెడ దగ్గర కాస్త వంగి ఉంటాడు. చేతులు వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. మెరుగుపొడి రుద్ది రుద్ది వేళ్ళ కొసలు నున్నబడ్డాయి. గోళ్ళ అంచుల్లో చిగుళ్ళ రంగు పొడి ఎంత కడిగినా పోదు.

దీపం ఆర్పి, సంచి భుజాన వేసుకుని మైదానానికి బయల్దేరాడు. గుమ్మం దాటబోతూ ఒక్క క్షణం ఆగాడు. పాత అలవాటు. ఆదివారం ఇంటి దగ్గర సంచి తగిలించుకుంటే వెనకనుంచి భార్య మాట ఒకటి వినపడేది.

పెళ్ళైన కొత్తల్లో క్రికెట్ ఆడుతూ ఒక బంతి పట్టబోయి వేలు విరగ్గొట్టుకున్నాడు. నెలంతా పని లేదు. ఆ నెల ఇల్లు భార్య కుట్టుమిషను మీద నడిచింది. ఆమె ఆట మానేయమనలేదు. పాత ప్యాంటు గుడ్డ కత్తిరించి, వేలువేలుకూ దూది కూరి, దగ్గర దగ్గర కుట్లు వేసి రెండు తొడుగులు కుట్టి ఇచ్చింది. వాటిని చేతబట్టుకుని మైదానంలోకి దిగితే అంపైరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "వికెట్ల వెనక నిలబడేవాడికి తప్ప ఇంకెవరికీ గ్లవ్స్ లేవయ్యా! తీసెయ్, తీసెయ్."

తొడుక్కోకుండానే మళ్ళీ సంచిలో పెట్టాడు. ఆ సంగతి ఆమెతో చెప్పడానికి మనసొప్పలేదు.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం అదే మాట. "తొడుగులు పెట్టుకుంటున్నారా?"

"ఆఁ, పెట్టుకుంటున్నా."

"ఆ చేతులు మీ ఒక్కరివే అనుకోకండి."

ఆమె ఏనాడూ ఆట చూడటానికి రాలేదు. కాబట్టి అబద్ధం బయటపడలేదు. కానీ దానికి బదులుగా అతను ఒక నిజం పాటించాడు: ఏ బంతికీ చేతులు ఇవ్వలేదు. గీత దగ్గర, ఎండలో, అందరికంటే దూరంగా నిలబడేవాడు. గాల్లో లేచిన బంతి తనవైపు వస్తే పరిగెత్తేవాడు, కానీ ఒక్క అర అడుగు ఆలస్యంగా. పోయినేడు చలికాలంలో జ్వరం తగిలి ఆమె వెళ్ళిపోయింది. పిల్లలు లేరు. సంచిలో తొడుగులు అలాగే ఉన్నాయి.

మైదానంలో పదిమంది అప్పటికే చేరారు. జట్టు కెప్టెన్ ఎలక్ట్రీషియన్, నోరు కాస్త పెద్దది. "వచ్చావా బాబాయ్? పోయి నీ మూల చూసుకో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి మాకు నువ్వుండాలి కదా!"

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వి తన మూలకు నడిచాడు.

ఆ రోజు ఎదుటిది మిల్లు జట్టు. వాళ్ళను ఈ క్లబ్బు ఇంతవరకూ ఓడించింది లేదు. సాయంత్రానికి మిల్లువాళ్ళకు ఆఖరి వికెట్ మిగిలింది, ఇంకో ఫోర్ కొడితే గెలుపు వాళ్ళదే. బ్యాటింగ్ చేస్తున్న లారీ డ్రైవరు బంతిని ఎత్తి కొట్టాడు. అది సరిగ్గా మేస్త్రి మూలకు లేచింది.

"బాబాయ్!" అన్నారెవరో, ఆశ లేని గొంతుతో.

కాళ్ళు అలవాటుగా ఆగబోయాయి. ఎందుకు ఆగాలి? ఈ వేళ్ళు విరిగితే ఇంటి దగ్గర ఎవరు కంగారుపడాలి? వేడినీళ్ళు ఎవరు కాచాలి? అతను పరిగెత్తాడు. బంతి తలమీద నుంచి దిగుతుండగా ఒళ్ళంతా ముందుకు విసిరి రెండు చేతులూ చాచాడు. కుడి ఉంగరపు వేలు మొదట్లో ఏదో పుటుక్కుమంది. గడ్డిలో బోర్లాపడ్డాడు. కళ్ళు తెరిచేసరికి బంతి చేతుల్లోనే ఉంది.

ఇక ఒకటే గోల. పదిమందీ వచ్చి మీద పడ్డారు. ఎలక్ట్రీషియన్ అతన్ని అమాంతం ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. "బాబాయ్! ఈ చేతులు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు బాబాయ్!"

మేస్త్రికి ఊపిరి అందడం లేదు. నవ్వుతున్నాడు, రొప్పుతున్నాడు. జీవితంలో మొదటిసారి జనం అతన్ని చూసి కేకలు వేస్తున్నారు, అది చాలా బాగుంది. అంతలోనే మనసులో ఒక మాట మెదిలింది. ఆమె ఉండి ఉంటే ఈ బంతి నేలపాలయ్యేది. ఆ మాటతో సంతోషం ఎటుపోయిందో పోయింది.

వేలు వంకాయలా వాచింది. ఆస్పత్రికి పోదామన్నారు. "మా డాక్టరున్నాడుగా, రేపు చూస్తాడులే" అన్నాడు. ఒక్కొక్కడూ ఫోన్ తీసి ఇంటికి గెలుపు చెప్పుకుంటున్నాడు. మేస్త్రి బంతిని కెప్టెన్ చేతిలో పెట్టి, సంచి తీసుకుని బయల్దేరాడు.

ఇంట్లో దీపం వేసి, ముసుగు కప్పిన కుట్టుమిషను పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గుండెల్లో బరువుగా ఉంది, ఎడమ భుజం దాకా లాగుతోంది. చాలాసేపు వేలు చూసుకున్నాడు. ఆ తర్వాత సంచిలోంచి తొడుగులు తీశాడు. గుడ్డ రంగు వెలిసింది గాని ఒక్క కుట్టూ ఊడలేదు. పళ్ళు బిగబట్టి, వాచిన చేతిని కుడి తొడుగులోకి కొంచెం కొంచెంగా దూర్చాడు. లోపల మెత్తగా, వెచ్చగా ఉంది.

"ఇదిగో, పెట్టుకున్నా" అన్నాడు మిషనుతో.

రెండోది తీసుకోబోయాడు. దూది నిండిన వేళ్ళకు గుడ్డ పట్టు దొరకలేదు. జారిపోయింది. పంటితో పట్టుకుని లాగి చూశాడు. లాభం లేదు. రెండోది తొడగడానికి ఇంకో మనిషి కావాలి. ఆమె ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. కుట్టేటప్పుడు, తానే తొడుగుతానని అనుకుని ఉంటుంది. మేస్త్రి రెండో తొడుగు మిషను మీద పెట్టి, తల గోడకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు పనివేళకు రాకపోతే డాక్టరు మనిషిని పంపాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. మేస్త్రి కుర్చీలోనే పోయి ఉన్నాడు, నిద్రలో పోయినట్టున్నాడు. సంగతి తెలిసి ఎలక్ట్రీషియన్ పరిగెత్తుకొచ్చాడు. ఎవరో కుడిచేతి తొడుగు విప్పబోతే, "నొప్పి కోసం పెట్టుకున్నాడేమో, ఉండనివ్వండి" అన్నాడు. దాంతోనే తీసుకెళ్ళారు.

ఎడమ చేతిది కుట్టుమిషను మీదే ఉండిపోయింది, చెయ్యి పట్టేంత ఖాళీగా, అయిదు వేళ్ళూ విప్పుకుని.