గెంతుడి కథల్లో అమ్మ గొంతు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నా కూతురు నా మాట వింటుందని. వినదేమోనని కాదు, వింటుందని. నేను పక్కన లేనప్పుడు ఫోన్లోంచి వచ్చే నా మాట విని, మేడ మీంచి దూకేస్తుందని.

ఇది సరిగ్గా చెప్పగలనో లేదో నాకే తెలియదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాన్ని. ఒకటి చెప్పబోతే ఇంకొకటి ముందుకొచ్చి నిలబడుతుంది.

మా వీధి చివర సైకిల్ షాపు పైన ఒక గది ఉంది. అందులో ఒకాయన కంప్యూటర్లో పిల్లల బొమ్మల కథలు చేస్తాడు. అందరం బొమ్మలన్నయ్య అంటాం. పిల్లలు ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి ఉంది. అందులో పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని గోడల మీంచి దూకే పొట్టివాడు ఉంటాడు. వాడే గెంతుడు. వాడి తల మీద మూడు ఎర్ర గుండెలు తేలుతుంటాయి. కింద పడితే ఒక గుండె ఆరిపోతుంది, వాడు దులుపుకుని లేస్తాడు. బొమ్మలన్నయ్య ఆ ఆటలోని వాళ్ళందర్నీ పట్టుకొచ్చి, అమ్మమ్మలు చెప్పే పాత కథల్లో దింపుతాడు. రాజకుమారుడి చోట గెంతుడు, రాక్షసి చోట ముళ్ళబంతి. రాజకుమార్తెకి కూడా మూడు గుండెలు.

ఒకరోజు కొట్టు దగ్గర నేను నా కూతుర్ని బతిమాలుతుంటే బొమ్మలన్నయ్య విని, "చెల్లెమ్మా, నీ గొంతు మా కథలకి పనికొస్తుంది" అని పిలిచాడు. నా కూతుర్ని మేము పిచ్చుక అంటాం. పిచ్చుకకి ఐదో ఏడు. దాన్ని అత్తయ్య దగ్గర వదిలి పనికి పోవడం మొదలుపెట్టాను.

ఆయన తన గదిలో పాత బట్టల బీరువా లోపల చుట్టూ పరుపులు కొట్టి, మధ్యలో మైకు వేలాడదీశాడు. అందులో నిలబడి మాట్లాడాలి. ఆయన పద్ధతి ఏమిటంటే, కథ కథగా చెప్పించడు, గొంతు గొంతుగా చెప్పిస్తాడు. ఒక రోజంతా అమ్మ మాటలే. ఇంకో రోజంతా రాక్షసి మాటలే. బొమ్మలు నాకు కనిపించవు. ఏ కథలో ఏ అమ్మో, ఎవరితో అంటోందో తెలియదు. ఆయన ఇచ్చిన కాగితంలో అక్షరాల కింద వేలు పెట్టుకుని చదువుతాను.

"దూకు తల్లీ, భయం లేదు, నేను పట్టుకుంటాగా" అని ఒక మాట వచ్చింది. వెంటనే ఇంకొకటి, "వద్దమ్మా, దూకకు, నేను చెప్తున్నాగా." నాకు అర్థం కాలేదు.

"అన్నయ్యా, ఇది ఒకే అమ్మా, ఇద్దరమ్మలా?"

"ఎందరైతే ఏంటి చెల్లెమ్మా, అమ్మ అంటే అమ్మే. ప్రేమగా చెప్పెయ్."

"మరి దూకమంటోంది కదండీ. ఎక్కణ్ణించి?"

"ఎక్కణ్ణించో బొమ్మ చూసుకుంటుంది. నువ్వు గొంతు చూసుకో."

ప్రేమగానే చెప్పాను. పిచ్చుకని మనసులో పెట్టుకుని మరీ చెప్పాను.

కొన్నాళ్ళకి ఒకరోజు పని తొందరగా అయింది. ఇంటికి వస్తూ వీధిలోంచి తలెత్తి చూశాను. మాది పై అంతస్తు. వసారాలో బోర్లించిన బకెట్టు మీద నిలబడి ఉంది పిచ్చుక. ఒక కాలు పిట్టగోడ మీద ఉంది. నెత్తిన పసుపుపచ్చ గిన్నె బోర్లించుకుంది. పక్కనే పిట్టగోడ మీద ఫోను పక్కగోడకి ఆనించి ఉంది. అందులోంచి నా గొంతు, నేను పిలిచినంత ముద్దుగా, "దూకు తల్లీ, భయం లేదు" అంటోంది.

"పిచ్చుకా! వద్దే! దిగమ్మా, నేను చెప్తున్నాగా!" అని అరిచాను.

పిచ్చుక నన్ను చూసింది, ఫోన్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. దాని మొహంలో భయం లేదు. లెక్క తప్పినట్టు చూస్తోంది, అంతే.

"నువ్వు అమ్మవి కాదు. ముళ్ళబంతివి" అంది. "వద్దనేది ముళ్ళబంతే. అమ్మ వేషంలో కిందకి వస్తుంది. నిజం అమ్మ దూకమంటుంది."

"నేనే అమ్మనే!"

"ముళ్ళబంతి కూడా అట్లాగే అంటుంది. నీ తల మీద గుండెలేవి?"

ఏం చెప్పను? నేను అనే ప్రతి మాటా ఆ బీరువాలో ముందే అనేసి ఉన్నాను. బతిమాలినా రాక్షసి మాటే, ఒట్టు పెట్టినా రాక్షసి మాటే. రెండో కాలు కూడా పైకి లేచింది. నాకు ఇంకేమీ తోచలేదు. పొట్టలోంచి రాక్షసి గొంతు తీశాను. "హహ్హహ్హా! దూకు దూకు! నోరు తెరుచుకుని కిందే ఉన్నాను! కరకరా నమిలేస్తాను!"

పిచ్చుక కెవ్వుమంది. గిన్నె జారి వీధిలో పడింది. అది వెనక్కి గెంతి, బకెట్టు తన్నేసి, ఇంట్లోకి పరుగెత్తింది. సైకిల్ షాపు దగ్గర ఇద్దరు ఆగి నన్ను వింతగా చూశారు.

మెట్లెక్కి వెళ్ళేసరికి అత్తయ్య వంటింట్లో కూరగాయలు తరుగుతోంది.

"ఏమే, ఇంత సేపూ వసారాలోనే ఉన్నావుగా, ఆ అరుపులేంటి?" అంది.

"నేను ఇప్పుడే వస్తున్నాను అత్తయ్యా."

"నాతో వేళాకోళమా? నీ గొంతు వినిపిస్తూనే ఉంటే! దానితో కబుర్లు చెబుతున్నావు కదా అని నేను ఇటు వచ్చాను." కత్తిపీట పక్కన పెట్టి వసారా వైపు చూసింది. ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది. అత్తయ్య ఒకసారి దాన్ని, ఒకసారి నన్ను చూసి, "మరి అదెవరు?" అంది. నేను వెళ్ళి ఫోను ఆపేశాను.

పిచ్చుక మంచం కింద దూరింది. చెయ్యి చాపితే ఇంకా లోపలికి జరిగింది. అత్తయ్య పిలిస్తే వచ్చింది. ఇప్పుడు నా దగ్గరికి వస్తుంది కానీ, ఎదురుగా రాదు, పక్కనించి వస్తుంది. అన్నం ముద్ద నోటి దాకా తీసుకెళ్తే ఆపి, "ఇప్పుడు ఎవరివి?" అని అడుగుతుంది. అమ్మనే అంటాను. అనగానే దాని కళ్ళలో అనుమానం. అందుకని ఇప్పుడు ఏమీ అనకుండా ముద్ద పట్టుకుని కూర్చుంటున్నాను. కాసేపటికి నోరు తెరుస్తుంది.

బొమ్మలన్నయ్యని అడిగాను, ఆ మాట తీసేయమని. ఆయన మంచివాడే, కంగారుపడ్డాడు, ఆ కథ తీసేశాడు. "కానీ చెల్లెమ్మా, అమ్మ మాటలన్నీ ఒకే మూటలో ఉంటాయి. ఏ కథకి కావాలంటే ఆ కథకి తీసి అతికిస్తాను. ఎన్నింటిలో అతికించానో నాకే గుర్తు లేదు. పైగా జనం ఒకరి ఫోన్లోంచి ఒకరు పంపుకుంటారు" అన్నాడు.

అంటే ఏ ఇంట్లోనో, ఏ గదిలోనో, నా గొంతు ఇంకా ఆ మాట అంటూనే ఉంది. నేను ఇక్కడ నోరు మూసుకుని కూర్చున్నా అంటూనే ఉంది. అది నేనా కాదా అని అడిగితే, నాకు నిజంగా తెలియడం లేదు.

మీ ఇంట్లో చిన్నపిల్ల ఉందా? పక్క గదిలో ఫోన్ చూస్తోందా? ఎవరో అమ్మ ముద్దుగా మాట్లాడుతోంది కదా, పిల్ల ఒంటరిగా లేదులే అనుకోకండి. అత్తయ్య అలాగే అనుకుంది. దయచేసి ఒక్కసారి లేచి వెళ్ళి, ఆ పిల్ల ఎక్కడ నిలబడి ఉందో చూడండి.